మెక్సికో వంటకు మన పెనం, మన రోలు

అమెరికాలో ఉండే మీ కూతురో కోడలో ఎప్పుడో ఒకసారి ఫోనులో "ఈరోజు వంట చేయలేదమ్మా, బయట మెక్సికన్ తిన్నాం" అని చెప్పే ఉంటారు. అదేం తిండో, అందులో ఏం కలుస్తుందో అని మీరు లోపల బెంగపడే ఉంటారు. అంత బెంగ అక్కర్లేదు అక్కయ్యలూ! నేను పత్తికొండ ఆడపడుచుని. కొన్నేళ్లుగా టెక్సాసు రాష్ట్రంలో డల్లాసు పక్కన ఇర్వింగ్ అనే ఊళ్లో ఉంటున్నాను. ఇక్కడ ఒక వీధిలో తెలుగువాళ్ల కిరాణా కొట్టు ఉంటే దగ్గర్లోనే మెక్సికో వాళ్ల కొట్టు ఉంటుంది. రెండింట్లోనూ కొత్తిమీర కట్టలు, పచ్చిమిరపకాయలు, నిమ్మకాయలు, జీలకర్ర, ఆఖరికి చింతపండు కూడా కుప్పలు పోసి ఉంటాయి. ఆ వంటకీ మన వంటకీ ఎంత చుట్టరికమో ఇంకా విడమరిచి చెప్పాలా!

అయితే హోటలుకు వెళ్లి తింటే మాత్రం చేతి చమురు వదులుతుంది. మేం నలుగురం. కూర్చుని తిని, టిప్పు కూడా ఇచ్చి బయటికొస్తే అరవై డాలర్లకు తగ్గదు. "ప్రతిదీ రూపాయల్లోకి మార్చి చూడొద్దే" అంటారు మావారు. మార్చకుండా ఉండగలిగే ఇల్లాలు ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి. ఐదువేల పైమాటే కదా! పత్తికొండలో ఐదువేలంటే మా అమ్మ నెల సరుకులు తెచ్చి, ఇంకా మిగిల్చి పోపులడబ్బాలో దాచే డబ్బు.

2023 జనవరిలో మావారి ఉద్యోగం పోయింది. 2022 చివర్లో, 2023 మొదట్లో ఇక్కడ కంప్యూటర్ కంపెనీలు వేలమందిని తీసేశాయి, మీరూ పేపర్లో చదివే ఉంటారు. ఆయనకున్న వీసా మీద అరవై రోజుల్లోగా ఇంకో ఉద్యోగం దొరకాలి, లేకపోతే సామాన్లు సర్దుకోవాలి. నాది ఇంటర్మీడియట్ చదువు. చదువు సంగతి అలా ఉంచినా, నా వీసా మీద పని చేసే వీలే లేదు. ఇంటద్దె, కారు వాయిదా ఆగవు. ఊళ్లో నాయన బోరు వేయించడానికి తెచ్చిన అప్పుకి మేం నెలనెలా పంపే డబ్బూ ఆగకూడదు. తగ్గించగలిగింది ఒక్క వంటింటి ఖర్చే. సరిగ్గా అప్పుడే మా చిన్నదానికి పదో పుట్టినరోజు వచ్చింది. క్లాసు పిల్లలు ఎనిమిది మందిని పిలవాలంది. ఇడ్లీ వద్దు, నూడుల్సు వద్దు, 'టాకో'లే కావాలంది. దానికి ఉద్యోగం సంగతి చెప్పలేదు. చెప్పాలనిపించలేదు.

మా పక్కింట్లో మెక్సికో ఆవిడ ఉంది. వయసులో నాకంటే పదేళ్లు పెద్ద. ఆవిడది సాన్ లూయిస్ పొటోసి అనే ప్రాంతం. అది కూడా మన సీమలాగే వానలు తక్కువ ఉండే నేల. ఎక్కడ చూసినా నాగజెముడే ఉంటుందట. మనం చూసి పక్కకు తప్పుకుని పోయే ఆ నాగజెముడు మట్టల్ని వాళ్లు ముళ్లు గీకేసి, ముక్కలు కోసి కూర వండుకుంటారు! ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. నాదీ పెద్ద గొప్పేం కాదు. అయినా పిండి కలపడానికి భాష ఎందుకండీ? నన్ను 'కొమాద్రె' అని పిలుస్తుంది. మనం 'వదినా' అని పిలుచుకుంటామే, అలాంటి పిలుపు. "పుట్టినరోజుకి టాకోలు చేయాలి, ఖర్చు మాత్రం కాకూడదు" అని నేను చేతులతో చెబితే, ఆవిడ నవ్వి వాళ్లింట్లోంచి ఒక పిండి సంచీ పట్టుకొచ్చింది.

ఈ పిండి సంగతి కాస్త శ్రద్ధగా వినండి, చాలామంది ఇక్కడే చిక్కుపడతారు. మొక్కజొన్న పిండి అని అమెరికా కొట్లలో మూడు నాలుగు రకాలు ఉంటాయి. తెల్లగా గంజిపొడిలా ఉండేది సూపు చిక్కబడటానికి. పసుపుపచ్చగా రవ్వలా ఉండేది వాళ్ల రొట్టె, కేకులకి. మన కొట్లో దొరికే మక్కపిండి పంజాబీ రొట్టెలకి. వీటిలో దేనితోనూ మెక్సికో రొట్టె రాదు. దానికి కావలసింది 'మాసా హరీనా' అనే పిండి. 'మాసెకా' అనే కంపెనీ సంచీ అన్నిచోట్లా దొరుకుతుంది. రెండు కిలోల సంచీ ఐదారు డాలర్లు ఉంటుంది. దాంతో నూటికి పైగా రొట్టెలు వస్తాయి. హోటలువాడు మూడు రొట్టెలకి తీసుకునే డబ్బుకి మీకు ఇంట్లో ఓ నెల గడుస్తుంది.

ఆ పిండిలో ప్రత్యేకత ఏమిటంటే సున్నం. అవును, తాంబూలంలో వేసుకునే సున్నమే! ఎండిన మొక్కజొన్నలను సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా అలాగే నానబెట్టి, పొద్దున పొట్టు పోయేదాకా రుద్ది కడిగి రుబ్బుతారు. ఇది వాళ్లకి వేల ఏళ్లనాటి పద్ధతి. అలా చేస్తేనే పిండికి జిగురొచ్చి రొట్టె విరగకుండా మడతపడుతుంది. అంతకన్నా పెద్ద లాభం ఒకటుంది. మొక్కజొన్నలో ఉండే ఒక బి విటమిను, నయాసిన్, మామూలుగా మన ఒంటికి పట్టదు. సున్నంలో ఉడికిస్తే పడుతుంది. ఈ కిటుకు తెలియకుండా ఉత్త మొక్కజొన్న పిండి మీదే బతికిన ఇటలీ పేదలకీ, అమెరికా దక్షిణాది పేదలకీ పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. చర్మం నల్లబడి పగిలిపోతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, చివరికి మతి చెడుతుంది. మెక్సికో పల్లెల్లో తరతరాలుగా మొక్కజొన్నే తిన్నా ఆ జబ్బు అంతగా లేదు. మనకీ దీంతో సంబంధముంది. జొన్నలు తప్ప వేరే తిండి లేని మన దక్కను పేదల్లో ఈ పెల్లాగ్రా ఉండేది. హైదరాబాదులో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నామే, అక్కడ పనిచేసిన డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా 1960లోనే దీని గురించి రాశారు. అందుకే రొట్టెతోపాటు పప్పు, ఆకుకూర, బుడ్డలు ఉండాలి. ఉత్త రొట్టె, కారంతో సరిపెట్టుకునే అలవాటు ఆడవాళ్లకే ఎక్కువ. మా జేజి అలాగే తినేది.

ఇక చేసే విధానం. రెండు కప్పుల పిండికి చిటికెడు ఉప్పు, ఒకటిన్నర కప్పుల గోరువెచ్చని నీళ్లు. కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. చిన్న ఉండ చేసి అరచేతిలో నొక్కితే అంచులు పగిలాయంటే ఇంకొంచెం నీళ్లు కావాలని. చేతికి అంటుకుంటే నీళ్లెక్కువైనట్టు. తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు ఉంచి, పెద్ద నిమ్మకాయంత ఉండలు చేసుకోండి. పదహారు వస్తాయి. వాళ్లు రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కే యంత్రం వాడతారు. అది కొనే పనిలేదు. పాలిథిన్ కవరును రెండు ముక్కలు చేసి మధ్యలో ఉండ పెట్టి బరువైన గిన్నె అడుగుతో నొక్కితే చాలు. నేనైతే ఆ కవరు మీదే అరచేత్తో జొన్నరొట్టె తట్టినట్టు తట్టేశాను. మా కొమాద్రె నోటిమీద వేలేసుకుని చూసింది. వాళ్ల అమ్మమ్మ ఇలాగే చేత్తో కొట్టేదట. తనకు ఆ విద్య రాలేదట. మళ్లీ మళ్లీ చేయించుకుని చూసింది. పత్తికొండలో పొయ్యి దగ్గర అమ్మ మొట్టికాయలు తిని నేర్చుకున్న విద్యకి టెక్సాసులో అంత మర్యాద దొరికింది!

పెనం బాగా కాలనిచ్చి రొట్టె వేయండి. జొన్నరొట్టెకి పైన నీళ్లు పూస్తాం కదా, దీనికి పూయకూడదు, నూనె కూడా అక్కర్లేదు. అర నిమిషం ఒకవైపు, నిమిషం రెండోవైపు, మళ్లీ తిప్పితే పుల్కాలా పొంగుతుంది. దించిన వెంటనే గుడ్డలో చుట్టేయాలి. ఆ ఆవిరికే రొట్టె మెత్తబడుతుంది. గాలికి వదిలేస్తే అప్పడమే.

మీ ఇంట్లో వెట్ గ్రైండర్ ఉంటే ఆ సంచీ కూడా కొననక్కర్లేదు. మెక్సికో కొట్లో ఎండు మొక్కజొన్నలు, తినే సున్నం రెండూ అమ్ముతారు. సున్నాన్ని వాళ్లు 'కాల్' అంటారు. కిలో గింజలకి పది గ్రాముల సున్నం, మూడు లీటర్ల నీళ్లు. గోడలకు వేసేది కాదు, తినే సున్నమే సుమా! పొట్టు ఊడివచ్చేదాకా ముప్పావు గంట సన్నమంట మీద ఉడికించి రాత్రంతా వదిలేయాలి. పొద్దున నాలుగైదుసార్లు కడిగి, వీలైనంత తక్కువ నీళ్లతో రుబ్బుకోవాలి. జారయితే గుప్పెడు మాసా పిండి కలిపితే సరి. మా గ్రైండరులో రాళ్లు తిరుగుతుంటే మా కొమాద్రె పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని చూసింది. వాళ్ల ఊళ్లో మోకాళ్ల మీద కూర్చుని, ఏటవాలుగా ఉండే రాతి మీద ఆడవాళ్లు గంటలకొద్దీ నూరేవాళ్లట. ఇప్పుడు ఆవిడ శనివారం శనివారం గిన్నె పట్టుకుని మా ఇంటికొస్తుంది. పిండిలో నాకు సగం.

రొట్టెలోకి చిక్కుళ్లు. డబ్బాల్లో అమ్మే 'రీఫ్రైడ్ బీన్స్' కొనకండి. దండగ. పైగా శాకాహారులకు ఒక హెచ్చరిక. డబ్బా చిక్కుళ్లలోనూ, హోటలు చిక్కుళ్లలోనూ పందికొవ్వు వేయడం మామూలే. గోధుమ రొట్టెల్లో కూడా వేస్తారు. అన్నం కోడిరసంలో వండుతారు. పైకి అంతా శాకాహారంలాగే కనిపిస్తుంది. మా అత్తమ్మ వచ్చినప్పుడు నేను అడిగి తెలుసుకున్నాక గానీ హోటలు గడప తొక్కలేదు. ఇంట్లో అయితే ఆ బాధే లేదు. పింటో అని చుక్కల చిక్కుడు గింజలు దొరుకుతాయి. రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో మెత్తగా ఉడికించండి. ఎర్ర రాజ్మా అయితే మరీ జాగ్రత్త, సగం ఉడికినవి తింటే వాంతులవుతాయి. గంటలకొద్దీ సన్నసెగ మీద ఉడికే కరెంటు కుండల్లో వాటిని నేరుగా వేయకూడదు. బాణలిలో నూనె వేసి ఎర్రగడ్డ, తెల్లగడ్డ వేయించి, ఉడికిన గింజలు కొంచెం నీళ్లతో సహా వేసి పప్పుగుత్తితో ఎనపండి. ఉప్పు, జీలకర్ర పొడి చాలు. నేను చిటికెడు ఇంగువ వేశాను. మా కొమాద్రె ముక్కు ఎగబీల్చి నావైపు అనుమానంగా చూసింది గానీ రెండు రొట్టెలు ఎక్కువే తిన్నది. అలసందలతో, మన అనుములతో కూడా ఇది బ్రహ్మాండంగా వస్తుంది.

ఇప్పుడు అసలైనది, 'సల్సా'. పేరు చూసి భయపడకండి, స్పానిష్ భాషలో ఆ మాటకి పచ్చడి, పులుసు లాంటి అర్థమే. నాలుగు టమాటాలు, రెండు మూడు పచ్చిమిరక్కాయలు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు పొట్టుతోనే పెనం మీద నల్లటి మచ్చలు వచ్చేదాకా కాల్చండి. తెల్లగడ్డ పొట్టు తీసి, ముందు అది, ఉప్పు, మిరక్కాయలు నూరి, తర్వాత టమాటాలు వేసి కచ్చాపచ్చాగా దంచండి. పచ్చి ఎర్రగడ్డ తరుగు, కొత్తిమీర, నిమ్మరసం కలపండి. అంతే! చింతపండు, పోపు లేవన్నమాటే గానీ ఇది మన రోటి పచ్చడి కాక మరేమిటి? వాళ్ల రోలు నల్లరాయితో మూడు కాళ్లు పెట్టి చెక్కి ఉంటుంది. ఇదే పచ్చడి సీసాలో కొంటే నాలుగైదు డాలర్లు. ఇంట్లో డాలరున్నర దాటదు. వేయించిన బుడ్డలు, ఎండుమిరపకాయలు నూనెలో దంచి చేసే పచ్చడి కూడా వాళ్లకొకటి ఉంది, పేరు 'సల్సా మాచా'. అది రుచి చూసి "ఇది మా ఊరిబిండికి చెల్లెలు" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదనుకోండి.

టమాటా పుట్టిల్లు అమెరికా ఖండాలే. తోటపంటగా సాకింది మెక్సికో వాళ్లు. మిరపకాయ, మొక్కజొన్న కూడా అక్కడివే. బుడ్డలు, జామకాయ, సీతాఫలం ఆ ఖండాల నుంచి వచ్చినవే. పోర్చుగీసువాళ్లు 1498లో మన తీరానికి రాకముందు మన దేశంలో మిరపకాయే లేదు. అంటే హరిహరరాయలు, బుక్కరాయలు కారం కావాలంటే మిరియాలు నమలాల్సిందే! ఎర్రకారం లేని రాయలసీమను ఊహించుకోండి చూద్దాం. బదులుగా మామిడి, చింత మన వైపు నుంచి అక్కడికి వెళ్లాయి. మెక్సికో కొట్లో 'హమైకా' అని ఎర్రటి ఎండురేకలు గోతాల్లో ఉంటాయి. అవి మన ఎర్రగోంగూర కాయల మీది తొడుగులే. వాటిని మరిగించి చక్కెర కలిపి చల్లగా తాగుతారు. పిల్లలకి రంగునీళ్ల సీసాలు కొనే బదులు ఇది చేసి పెట్టండి.

నేను టమాటా ఖరీదు గురించి ఇంతలా ఎందుకు చెబుతున్నానో పత్తికొండ వాళ్లకి అర్థమవుతుంది. ఇక్కడ పౌను టమాటా, అంటే అరకిలో కన్నా తక్కువే, దాదాపు డాలరు. మా నాయన రెండెకరాల్లో టమాటా వేస్తాడు. 2023 జూలై, ఆగస్టుల్లో దేశమంతా కిలో వంద దాటి రెండొందల దాకా పోయింది చూడండి, అప్పటికి మా చేను కాపుకి రాలేదు. కాపుకొచ్చేసరికి ధర పడిపోయింది. ధర పడినప్పుడు పత్తికొండ మార్కెట్లో కిలో రూపాయికి కూడా అడిగేవాడుండడు. కోతకూలి, గంపల బాడుగ కూడా రాక రైతులు రోడ్డు మీద పారబోసి పోతారు. గొర్రెలు, పశువులు తింటాయి. నేను ఇక్కడ నాలుగు కాయలు ఎంచుకుని తూకం చూసుకుంటుంటే నాయన ఫోనులో "ఈ పొద్దు ముప్పై గంపలు చేన్లోనే ఇడిసిపెట్టినామ్మా" అన్నాడు. ఏమని బదులు చెప్పను?

సరే, పుట్టినరోజు సంగతి. టాకో మీదకి జున్నులాంటిది ఒకటి చల్లుతారు, దాన్ని 'కేసో ఫ్రెస్కో' అంటారు. కొంటే ఖరీదు. గాలను పాలు కాచి, వెనిగరుతో విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టి, ఉప్పు కలిపి బరువు పెడితే అరకిలో పైన వస్తుంది. పెరుగును గుడ్డలో వేలాడగట్టి ఉప్పు కలిపితే వాళ్ల పుల్లమీగడకి బదులు. అవకాడో, అదే వెన్నపండు, ధర ఒక్కో వారం ఒక్కోలా ఉంటుంది. ఎక్కువున్న వారం మా కొమాద్రె చెప్పిన ఉపాయం చేయండి. టాకో బండ్లవాళ్లు చేసేదే ఇది. లేత పచ్చ గుమ్మడిలాంటి కాయ, 'కలబసీతా' అంటారు, దాన్ని ఉడికించి, పచ్చిమిరక్కాయలు, కొత్తిమీర, పచ్చటి తొమతీయోలు వేసి కొంచెం నూనెతో మిక్సీలో తిప్పితే అచ్చం వెన్నపండు పచ్చడిలాగే నున్నగా వస్తుంది. తొమతీయో అంటే పచ్చి టమాటా కాదండోయ్. మన చేలగట్ల మీద పలచని బుడగలాంటి తొడుగులో చిన్న పండ్లు కాస్తాయే, వాటి జాతిది.

'టాకో మసాలా' పొట్లాలు కొనకండి. వెనక చదివితే కారం, జీలకర్ర, తెల్లగడ్డ పొడి, ఉప్పు, కాస్త గంజిపొడి. మన పోపులడబ్బాలో లేనిది ఏముంది?

ఆవిడ పెద్దమనసుతో వాళ్ల ఊరి 'ఎంచిలాదా' కూడా నేర్పింది. మాసా పిండిలోనే నానబెట్టిన ఎండుమిరపకాయల ముద్ద కలిపేస్తారు. రంగు బాగా ఉండి కారం తక్కువుండే గ్వాహీయో రకం, మన బ్యాడిగి మిరపకాయ లాంటిది. ఎర్రటి ఆ పిండిని పూరీలంత నొక్కి, పెనం మీద వేసి, సగం కాలుతుండగా కాస్త జున్ను, పచ్చడి పెట్టి కజ్జికాయలా మడిచి అంచులు నొక్కాలి. తర్వాత కొంచెం నూనెలో వేయించాలి. మా పెద్దవాడు ఎనిమిది తిన్నాడు.

ఎనిమిది మంది పిల్లలూ వచ్చారు, వాళ్లని దించడానికి వచ్చిన తల్లులు కొందరు ఉండిపోయారు. అందరికీ కోడిముక్కలతో సహా నాకు ఇరవై ఐదు డాలర్లు దాటలేదు. హోటల్లో అడిగితే నూటయాభై చెప్పారు. వేడివేడి రొట్టెలు నేను తడుతుంటే మా కొమాద్రె కాల్చింది. ఒక పిల్లాడు మాత్రం అన్నిటి మీదా టమాటా కెచప్ కావాలని అడిగాడు, వాడి ఇష్టం! మా చిన్నది రాత్రి పడుకునేముందు "నాన్న ఇంట్లోనే ఉంటున్నాడు కదా, అందుకే ఇంట్లో చేశావా?" అంది. పిల్లలకి మనం చెప్పకపోయినా తెలిసిపోతుంది. అవునన్నాను. "బాగుందిలే" అని అటు తిరిగి పడుకుంది.

యాభైమూడో రోజున ఆయనకి ఇంకోచోట, మునుపటికంటే తక్కువ జీతానికి, ఉద్యోగం దొరికింది. నాయన అప్పుకి ఒక్క నెలా డబ్బు తప్పలేదు.

పత్తికొండలో మాసా పిండి దొరకదు కదా అంటారా? మా అమ్మకి ఫోనులో చెబితే పలచగా జొన్నరొట్టె చేసి, వేడిగా ఉండగానే మడిచి, అందులో ఎనిపిన అనుములు, కాల్చిన టమాటా పచ్చడి, పచ్చి ఎర్రగడ్డ పెట్టింది. "ఏందే, ఇది నేర్చుకునేదానికి అంత దూరం పోయినావా? మేం రోజూ తినేదే కదా" అంది. కొర్రపిండి, సద్దపిండి కంటే జొన్నపిండే మేలు. ఉడుకునీళ్లతో కలిపితే మడతకు విరగదు.

రొట్టెలు మిగిలితే పారేయకండి. మరునాడు ఎండి గట్టిపడతాయి, అప్పుడే బాగుంటుంది. ఒక్కోదాన్ని ఆరు ముక్కలుగా కోసి నూనెలో కరకరలాడేలా వేయించి, ఉప్పు, కారం చల్లి గాలి చొరని డబ్బాలో పోసుకోండి. వారం దాకా మెత్తబడవు, పిల్లలు కనిపెట్టకపోతే.